నిఘంటు పారాయణం

నిఘంటువును సంప్రదించేవారు వేలకొలది. దానిని చదివేవారు ఊరికి ఒక్కరైనా ఉంటారో లేదో. సంప్రదించేవాడు చేద పట్టుకొని బావి వద్దకు వచ్చినవాడు. కావలసిన నీరు తోడుకొని తన దారిన పోతాడు. చదివేవాడు బావిలోనికే దిగినవాడు. అతడు ఎందుకు దిగినాడో ఒడ్డున ఉన్నవారికి బోధపడదు. కథ లేదు, నాయకుడు లేడు, చివరకు ఏమగునో అన్న ఆతురత లేదు. అయినా రాత్రి పది గంటల వరకు దీపం ముందు కూర్చుండి అంత బరువైన పుస్తకాన్ని ఒడిలో పెట్టుకొని నవ్వుకొంటున్న మనిషిని చూచి ఇంటివారు కొంచెం జాలిపడతారు.

మన దేశంలో నిఘంటువు ఒకప్పుడు చదువదగిన గ్రంథమే. చదువుట ఏమి, వల్లె వేయదగినది. అమరసింహుని కోశం శ్లోకాలలో ఉన్నది గనుక వీధిబడి పిల్లలు అర్థం తెలియకముందే దానిని కంఠస్థం చేసేవారు. అందులో ప్రతి వస్తువుకూ ఒక అంతస్తు ఉన్నది. మొదట స్వర్గం, ఆకాశం, దిక్కులు, కాలం. తరువాత భూమి, పురం, కొండ, చెట్టు, మృగం, మనుష్యుడు. మనుష్యులలో మరల వర్ణాల వరుస. లోకం ఎట్లు అమరి ఉన్నదని పెద్దలు తలచినారో ఆ అమరికే గ్రంథపు అమరిక. అకారాది క్రమం వచ్చి ఈ మర్యాదనంతా చెరిపివేసినది. తెలుగు నిఘంటువులో దొంగకూ దొరకూ నడుమ ఒక దొడ్డి, ఒక దొన్నె, ఒక దొప్ప మాత్రమే అడ్డం. ఈ పొరుగు ఎవరూ ఏర్పరచినది కాదు. అందుచేతనే అందులో అంత వినోదం.

అట్లు బావిలోనికి దిగినవారిలో ఒక అనువాదకుడు ఉన్నాడు. కోస్తా పట్టణమొకదానిలో హిందీ బోధిస్తూ, తీరిక వేళలలో హిందీ కథలను తెనిగిస్తూ ఇరువదియేండ్లు గడిపినవాడు. అతని బల్లమీద రెండు నిఘంటువులు ఉండేవి. ఒకటి తండ్రిగారి కాలంనాటి శబ్దరత్నాకరం. అట్ట ఊడిపోయి, గుడ్డతో కుట్టినది. రెండవది కాశీ నాగరీ ప్రచారిణీ సభవారి హిందీ శబ్దసాగర్. వీటిని అతడు అందరివలెనే చేదతో తోడుకొనేవాడు. బావిలోనికి దిగుటకు కారణమైనది ఒక పొరపాటు.

అతడు తెనిగించిన ఒక పల్లెటూరి కథలో కోతల ఘట్టం ఉన్నది. పెనిమిటి పోయిన పడుచు ఒకతె పగలంతా పొలంలో కోత కోసినది. ఊరిలో నలుగురూ నాలుగు మాటలు అనుకొనే వయస్సు. ఆమె ఎవరికీ తల వంచక, ఎవరి మాటా పడక బ్రదుకుతున్నది. సందెవేళ ఆసామి ఆమెకు ‘ఒక అంకవార్’ ఇచ్చి పంపినాడు. శబ్దసాగర్ తెరవగా అంకవార్ అంటే ఒడి, రొమ్ము, ఆలింగనం అని ఉన్నది. అనువాదకునికి తొందర, ప్రచురణకర్త ఉత్తరంమీద ఉత్తరం వ్రాస్తున్నాడు. ఆలింగనం మరీ సంస్కృతంగా ఉన్నదని, తెలుగుదనం కోసం, ‘కౌగిలి’ అని వ్రాసినాడు. వాక్యం చక్కగా నడిచినది. పుస్తకం అచ్చయినది. భాష సరళంగా ఉన్నదని, మూలాన్ని మరపించినదని పత్రికలు మెచ్చుకొన్నవి. మూడేండ్లు ఎవరూ ఏమీ అనలేదు.

నాలుగవయేట సంక్రాంతికి అతని అక్కగారు పల్లెనుండి వచ్చినది. ఆమె చదువు పెద్దబాలశిక్ష దాటి భారతం వరకు వచ్చి ఆగినది. మధ్యాహ్నం వసారాలో కూర్చుండి, ముక్కుమీద కళ్ళజోడు సవరించుకొంటూ, తమ్ముని పుస్తకం చదువుతున్నది. ఉన్నట్టుండి పుస్తకం మూసి అడిగినది.

“ఏమిరా తమ్ముడూ, ఈ ఆసామి కూలిమనిషికి కూలికింద కౌగిలి ఇచ్చాడని వ్రాశావేమి? ఇదెక్కడి ఆసామి?”

“హిందీలో అట్లాగే ఉన్నదక్కయ్యా.”

“హిందీలో ఏమున్నదో నాకేం తెలుసు! కోసినవాళ్ళకు పొద్దుగూకే వేళ సందెడు పంట ఇస్తారు, రెండు చేతులా పొదివి పట్టినంత. నీవు చిన్నప్పుడు చూడలేదూ? దాన్ని సందెడు అంటారు గాని కౌగిలి అంటారట్రా? పాపం, ఆ పిల్ల మానంగా బ్రదుకుతూంటే నీవే ఆమెను బజారున పెట్టావు.”

అతడు మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి శబ్దరత్నాకరం తిరగవేసినాడు. ‘సందిలి’ దొరికినది, కౌగిలి అన్న అర్థమూ దొరికినది. అంకవార్ ఎట్టిదో సందిలి అట్టిది. రెండు భుజాల నడుమ పట్టే చోటు. అందులో బిడ్డ ఉంటే ముద్దు, ప్రియుడుంటే కౌగిలి, వరి ఉంటే కూలి. రెండు భాషల రైతులు, ఒకరి మొగం ఒకరు ఎరుగనివారు, ఒక్క మాటకు ఒక్క తీరుగానే రెండు పనులు అప్పగించినారు. ఆ జంట ఇరువదియేండ్లుగా అతని బల్లమీద, రెండు జానల దూరంలో, రెండు పుస్తకాలలో పడి ఉన్నది. వెదకినప్పుడు దొరకలేదు, ఏలయనగా వెదకుటకైనా ఆ మాట ముందు తెలిసి ఉండవలెను గదా. నిఘంటువు తెలిసినదానికే అర్థం చెప్తుంది. తెలియని మాట ఏ అక్షరం కింద దాగి ఉన్నదో తెలుసుకొనే ఉపాయం ఒక్కటే: అకారంతో మొదలుపెట్టి చదువుకొంటూ పోవుట. ఆ రాత్రే అతడు మొదలుపెట్టినాడు.

మొదటి నెలలు ప్రాయశ్చిత్తంగా గడిచినవి. తరువాత ఎప్పుడో, తనకే తెలియకుండా, అది భోగంగా మారినది.

సందెడు అతనికి ఒక దారి చూపినది. తెలుగువాని ఒంటిమీద ఒక కొలతల కొట్టు ఉన్నదని అతడు గుర్తించినాడు. వ్రేళ్ళ కొసలలో చిటికెడు, పిడికిట గుప్పెడు, అరచేత చారెడు, రెండు చేతులు చేర్చితే దోసెడు, రెండు బాహువులు చేర్చితే సందెడు. గొంతులో గుక్కెడు. పొడవుకు బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు, లోతుకు నిలువెడు. వీటిలో కొత్త మాట ఒక్కటీ లేదు. ప్రతిదీ అతడు పుట్టినది మొదలు విన్నదే. కాని విడివిడిగా విన్నవాటిని వరుసగా నిలిపి చూచినప్పుడుగాని ఇది ఒక వ్యవస్థ అని తోచలేదు. పైగా ఈ కొలతలు వస్తువులతో తృప్తిపడి ఊరుకోలేదు. బారెడు పొద్దెక్కినది అంటాడు తెలుగువాడు. సూర్యుని పయనాన్నే చేతులు చాచి కొలిచినాడు. పొట్ట జానెడు, కళ్ళు చారెడేసి. పొట్ట నిజంగా జానెడే అయితే లోకంలో ఇంత పోరు ఉండేది కాదు. ఆ మాట పుట్టించినవానికి అది తెలియక కాదు.

ఆ వరుసలో అతడు ఒకచోట చాలాసేపు ఆగినాడు. చారెడూ పుడిసెడూ రెండూ గుంటచేసిన అరచేయే. మరి రెండు మాటలెందుకు? వాడుక గమనిస్తే, సాధారణంగా చారెడు అన్నది గింజలకు, పిండికి, పుడిసెడు నీళ్ళకు. వెంటనే శబ్దసాగర్ తీసినాడు. అక్కడ పసర్, చుల్లూ అని రెండున్నవి. పసర్ గింజలు పట్టే అరచేయి, చుల్లూ నీరు పట్టే అరచేయి. సిగ్గులేనివానిని చుల్లూడు నీళ్ళలో మునిగి చావమని హిందీవారు తిట్టే తిట్టులో ఉన్న చుల్లూ అదే. గింజ పట్టినప్పుడు వ్రేళ్ళు కొంచెం వదులైనా పరవాలేదు, నీరు పట్టినప్పుడు సందు ఉండరాదు. చేయి ఒకటే అయినా పట్టు వేరు. ఆ భేదాన్ని గంగ ఒడ్డునా గోదావరి ఒడ్డునా జనం ఎవరికివారే కనిపెట్టి పేర్లు పెట్టుకొన్నారు. అనువాదకుడు ఆ రాత్రి అరచేయి రెండు తీరుల ముడిచి చూచుకొంటూ ఉండగా భార్య చూచి, పుస్తకం మూసి పడుకోమన్నది.

ఇటువంటి దేశిపదాలు అనువాదకుని వెదకించి ఏడిపిస్తవి. సంస్కృతపదాలు వెదకించకుండానే ముంచుతవి. సంస్కృతం రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి గనుక దానిని ఉన్నదున్నట్లు దాటిస్తే చాలునని హిందీనుండి తెనిగించే ప్రతివానికీ మొదట తోస్తుంది. ఉమ్మడి ఆస్తి పంచుకొన్న అన్నదమ్ములు దానిని ఏమి చేసుకొన్నారో చూడనివాని భ్రమ అది. ఉపన్యాసం అక్కడ నవల, ఇక్కడ వేదిక మీది ప్రసంగం. అవసరం అక్కడ తగిన తరుణం, ఇక్కడ అక్కర. ప్రపంచం ఇక్కడ లోకం. అక్కడ జంజాటం, మాయోపాయం. సంసారం అక్కడ లోకమంతా. తెలుగువాడు ఆ లోకాన్ని తెచ్చి ఒక ఇంటిలో, ఒక ఇల్లాలిలో పెట్టినాడు. శిక్ష అక్కడ చదువు, ఇక్కడ దండన. బడిపిల్లల నడిగితే రెండూ ఒకటేనని చెప్పేవారు. అన్నిటికంటె చిత్రమైనది కృషి, వ్యవసాయాల మారకం. సంస్కృతంలో కృషి దున్నుట, వ్యవసాయం పట్టుదలతో చేసే ప్రయత్నం. హిందీవాడు దున్నుటను దున్నుటగానే ఉంచి, ప్రయత్నాన్ని వ్యాపారానికి ఇచ్చినాడు. తెలుగువాడు ప్రయత్నాన్ని పొలానికి పంపి, దున్నుటను అన్ని ప్రయత్నాలకూ పేరుగా పెట్టుకొన్నాడు. నాగలి పట్టినవాడే ప్రయత్నశీలి అని ఈ నేల ఎన్నడో తీర్మానించుకొన్నట్లున్నది. సంస్కృతమే కాదు, వలస వచ్చిన మాటలూ ఇంతే. హిందీలో కచహరీ న్యాయస్థానం; తెలుగులో కచేరి సర్కారు కార్యాలయం, పాటల సభ కూడాను. ఒకే చాపమీద జమాబందీ, త్యాగరాజ కీర్తన.

కొన్ని మాటల వద్ద ప్రయోజనమేమీ లేకుండానే ఆగవలసి వస్తుంది. గోరువెచ్చన అన్నది అట్టిది. ప్రతిరోజూ స్నానానికి ముందు వాడే మాటే; అచ్చులో చూచినప్పుడుగాని అందులో గోరు ఉన్నదని ఎవరికీ పట్టదు. హిందీలో అది గున్‌గునా. కూనిరాగానికీ దాదాపు అదే చప్పుడు. అచ్చటివాడు నీటి వెచ్చదనాన్ని చెవితో విన్నట్లు, ఇచ్చటివాడు గోటితో తాకినట్లు! ఈ రెండు హిందీమాటలకు నిజంగా చుట్టరికమున్నదా అని భాషాశాస్త్రజ్ఞులు అడుగుతారు. అడుగనిండు; రాత్రి పది గంటలకు నిఘంటువు చదివేవాడు పరీక్షకు చదువుటలేదు.

పందికొక్కు కథ మరొకటి. యూల్, బర్నెల్ అనేవారు కూర్చిన ‘హాబ్సన్ జాబ్సన్’ 1886లో వెలువడినది. భారతదేశంలోని ఇంగ్లీషువారి నోట నలిగిన మాటల కోశమది. తెలుగు పందికొక్కు అందులో బాండికూట్‌గా కొలువుతీరి ఉన్నది. ఆ పేరే పిమ్మట సముద్రం దాటి ఆస్ట్రేలియాలో పొట్టకు సంచి గల వేరొక జంతువుకు తగిలినది. తెలుగు గాదె కింద కన్నం వేసే జీవికి ఇంతటి కీర్తి పట్టగా, అదే గాదె నింపిన సందెడుకు పొలం గట్టు దాటే యోగం లేకపోయినది.

ఎందుచేత అన్న ప్రశ్న మెల్లగా అతనిని పట్టుకొన్నది. చదివినకొలదీ అతని దృష్టి మాటలనుండి మాటలను చేర్చినవారి మీదికి మళ్ళినది. నిఘంటుకారుడు వాకిట కూర్చున్న ద్వారపాలకుడు. వచ్చిన ప్రతి మాటనూ, ఎవరి నోటినుండి వచ్చినావు అని అడుగుతాడు. బహుజనపల్లి సీతారామాచార్యులవారు శబ్దరత్నాకరాన్ని 1885లో ప్రకటించినారు. అందులో ప్రధానంగా సాక్ష్యం చెప్పేవారు కవులు. జయంతి రామయ్య పంతులుగారి పూనికతో, పిఠాపురం రాజావారి పోషణలో ఆరంభమైన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వచ్చినది. అదీ కావ్యభాషనే నమ్ముకొన్నది. వారిని తప్పుపట్టుట తేలిక. వారు కాపాడకపోతే తాళపత్రాలలోని వేలకొలది మాటలకు అర్థం చెప్పేవాడు ఉండేవాడు కాడు. కాని కవికి సందిలి కావలసినది నాయికా నాయకుల కోసం. కోతకత్తె సందిలిలో ఏమున్నదో చూడవలసిన పని ప్రబంధకవికి లేదు. అట్లు చూచినప్పుడు అనువాదకుని పొరపాటు అతనిది ఒక్కనిదే కాదు. అతడు నడిచినది పెద్దలు వేసిన బాటలోనే.

వేరొక తీరున కూర్చున్న ద్వారపాలకులూ ఉన్నారు. బ్రౌను దొర 1852లో ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో కావ్యపు మాటల పక్కన సంతలో మాట, కచేరిలో మాట కూడా చోటుచేసుకొన్నవి. పారశీకం, హిందూస్తానీ మొదలైనవాటినుండి తెలుగులో కలిసిపోయిన మాటలను 1854లో వేరొక పుస్తకంగా కూర్చినాడు. అట్లు విడిగా పెట్టుట గౌరవమో వెలివేతో ఆలోచించవలసిందే గాని, అసలు పెట్టినాడు. ఫాలన్ అనే అతని హిందూస్తానీ నిఘంటువు 1879లో వచ్చినది. స్త్రీల మాటకు, జానపదుల పాటకు, సామెతకు అతడు పెద్దపీట వేసినాడు. ఆడవారి నోట భాష ఎక్కువ నిర్మలంగా ఉంటుందని అతని నమ్మకం. అతనివద్ద పనిచేసిన సయ్యద్ అహ్మద్ దెహల్వీ తరువాత నాలుగు సంపుటాల ఉర్దూ నిఘంటువును తానే కూర్చి, హైదరాబాదు అసఫ్‌జాహీల పేరిట ‘ఫర్హంగ్-ఎ-ఆసఫియా’ అని పేరుపెట్టినాడు. స్త్రీల మాటలకు ప్రత్యేకంగా ఒక కోశమూ వెలయించినాడు. గ్రియర్సన్ 1885లో బీహారు రైతుల బ్రదుకును గూర్చి వ్రాసిన గ్రంథంలో బండి చక్రపు ఆకునుండి కుండ మూతవరకు ప్రతిదానికీ పల్లె పేరు అడిగి వ్రాసుకొన్నాడు.

శబ్దసాగర్ కథలో అనువాదకునికి మిక్కిలి ఇష్టమైన భాగం అర్థాలది కాదు, సేకరణది. శ్యామసుందర దాసు ప్రధాన సంపాదకుడుగా, రామచంద్ర శుక్లవంటి వారు తోడుగా సాగి 1929లో ముగిసిన ఆ మహాకార్యంలో గ్రంథాల నుండి మాటలు ఎత్తివ్రాసేవారు ఒకవైపు ఉండగా, సభవారు ఒక వ్యక్తిని పనిగట్టుకొని నగర వీధులలో తిప్పినారు. కంసాలి, కమ్మరి, తెలికలవాడు, తమలపాకులమ్మేవాడు, బండి తోలేవాడు, వస్తాదు, దళారి, జూదరి, మావటివాడు, చివరకు ఎలుగుబంటిని ఆడించేవాడు - వీరందరివద్దకు పోయి, మీ పనిలో దీనిని ఏమంటారు, దానిని ఏమంటారు అని అడుగుటే అతని ఉద్యోగం. జూదరి అడ్డాకు కాగితం, కలం పట్టుకొని వెళ్ళి పారిభాషిక పదాలు చెప్పమన్న ఆ మనిషిని తలచుకొన్నప్పుడెల్లా అనువాదకునికి నవ్వు వచ్చేది. నవ్వు ఆగిన తరువాత కొంత అసూయ కలిగేది.

తెలుగులో ఆ పని ఆలస్యంగానైనా జరిగినది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయానిది. దానికి సంపాదకుడు భద్రిరాజు కృష్ణమూర్తి. చేనేత సంపుటం 1971లో వచ్చినది. మొదటి సంపుటం చేత పడినప్పుడు అనువాదకుడు పారాయణపు క్రమం తప్పి దానిని రెండు వారాలలో చదివివేసినాడు. మేడి, కర్రు, నొగ, కాడి - అతడు చిన్ననాడు తండ్రి పొలంలో విన్న పేర్లే. కాని ఒక జిల్లావాని పేరు పక్క జిల్లావానికి తెలియదు. ఒకచోట పనిముట్టుకున్న పేరు మరొకచోట దాని ముక్కకు మాత్రమే. ఇక్కడ సాక్ష్యానికి ఒక్క పద్యం లేదు. పలానా జిల్లా రైతు ఇట్లన్నాడు, అంతే. ఇదే ప్రమాణమైతే అక్కయ్యకూడా ప్రమాణమే గదా అని అతనికి తోచినది. ఆమెకు ఉత్తరం వ్రాసినాడు: ఇంటిలో, దొడ్డిలో, కళ్ళంలో వాడే మాటలు తోచినప్పుడెల్లా వ్రాసి పంపమని.

ఆమె జవాబు కార్డుమీద వచ్చినది. తోచినప్పుడు వ్రాయుటకు తాను పండితురాలిని కానని, మాటలు పనిలో ఉండగా వస్తవి గాని కూర్చుంటే రావని, కావలిస్తే నూర్పుళ్ళకు వచ్చి పక్కన నిలబడి వినమని. అతడు ఆ ఏడు వెళ్ళలేకపోయినాడు. పరీక్ష పత్రాలు దిద్దవలసి ఉండెను. మరుసటి ఏడు వెళ్ళేసరికి ఆమె మంచం పట్టి ఉన్నది. పక్కన కూర్చుండి మూడు రోజులు విన్నాడు. శబ్దరత్నాకరం చివర అట్ట లోపలివైపున ఆ మూడు రోజుల మాటలు పెన్సిలుతో వ్రాసి ఉన్నవి, ఇరువదియారు. వాటిలో కొన్ని ఏ నిఘంటువులోనూ అతనికి కనబడలేదు. కొన్నిటికి అర్థం సగమే వ్రాసి ఉన్నది. మరునాడు అడుగుదామనుకొన్నవి అవి.

కౌగిలి సంగతి అతడు ప్రచురణకర్తకు వ్రాసినాడు. రెండవ కూర్పు వేసినప్పుడు తప్పక దిద్దుదామని సమాధానం వచ్చినది. రెండవ కూర్పు రాలేదు. తనవద్ద ఉన్న ప్రతిలో ఆ పుట తీసి, కౌగిలి కొట్టివేసి, పైన ‘సందెడు వరి’ అని ఎర్రసిరాతో వ్రాసినాడు. ఊరి గ్రంథాలయంలోని ప్రతిలో కూడా, గ్రంథపాలకుని అడిగి, దిద్దినాడు. మిగిలిన ప్రతులు ఏ ఊళ్ళలో ఉన్నవో తెలియదు. వాటిలో ఆ పడుచు ఇప్పటికీ సందెవేళ కౌగిలి పుచ్చుకొని ఇంటికి పోతున్నది.

పారాయణం మాత్రం ఆగలేదు. ప్రస్తుతం మకారంలో నడుస్తున్నది. మునిమాపు అన్న మాట వద్ద అతడు మూడు దినాలనుండి ఆగి ఉన్నాడు. హిందీలో ఝుట్‌పుటా అని ఒకటున్నది. మొగాలు కనీకనబడని వేళ. ఆ రెంటికీ సరిపడునో లేదో తేలవలసి ఉన్నది.